జెక్రీత్ గుట్టల్లో పిడుదు

"ముందు ఆ సిగరెట్ ఆర్పండి!"

రాజ్ కిరణ్ ఉలిక్కిపడ్డాడు. శుక్రవారం ప్రార్థన కాగానే ఖతార్‌లోని తెలుగు క్రైస్తవ ఫెలోషిప్ వాళ్ళంతా జెక్రీత్ గుట్టలెక్కడానికి వచ్చారు. అతను సోకుగా షార్ట్స్ వేసుకొచ్చి, ఒంటెలు పడుకునే పొద నీడలో చతికిలబడ్డాడు. లేచేసరికి పిక్కని రక్తం తాగే పిడుదు కరుచుకుని ఉంది. దాన్ని సిగరెట్‌తో కాల్చబోతుంటే ఆ కేక.

"మా కైకలూరులో గేదెలకి ఇలాగే చురక పెడతామండీ."

"మీరు గేదె కాదుగా! కాలిస్తే దాని కడుపులోదంతా మీ ఒంట్లోకి కక్కుతుంది."

ఆ కేకేసిన పెర్సిస్ దోహాలో నర్సు. కనుబొమల ట్వీజర్స్‌తో పిడుదుని తలదగ్గర పట్టి నిదానంగా పైకి లాగేసింది. అతనికి నొప్పి తెలియలేదు. ఆమె ముంగురులు చూస్తున్నవాడికి నొప్పేం తెలుస్తుంది!

"జ్వరమొస్తే పిడుదు కరిచిందని డాక్టరుకి చెప్పాలి. ప్రామిస్?"

"ముందు మీకు ఫోన్ చేస్తాను."

చేశాడు. జ్వరం లేకుండానే, మెసయీద్‌లోని తన కంపెనీ క్యాంప్ నుంచి, రోజూ. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. వచ్చే సెలవులో మీ నాన్నగారిని అడుగుతానన్నాడు.

ఉన్నట్టుండి ఫోన్లు ఆగిపోయాయి. ఉండబట్టలేక పెర్సిస్, అతని రూమ్మేట్ జేమ్స్ కారులో మెసయీద్ వెళ్ళింది. క్యాంప్ గేటు దగ్గరికి రాజ్ కిరణ్ దుప్పటి కప్పుకుని వణుకుతూ వచ్చాడు. చేతులనిండా ఎర్రమచ్చలు.

"డాక్టరుకి చెప్పావా?"

"పిచ్చా నీకు? కాంట్రాక్ట్ రెన్యువల్ ముందు జ్వరమంటే అన్‌ఫిట్ అని పంపేస్తారు. నామీద ఒట్టు, ఎవరికీ చెప్పకు."

ఒట్టుకంటే ప్రాణం ఎక్కువ. పెర్సిస్ తిన్నగా కంపెనీ డాక్టరు దగ్గరికి వెళ్ళి చెప్పేసింది.

రాజ్ కిరణ్ ఆసుపత్రిలో చేరి బతికాడు. కంపెనీ మాత్రం అతను భయపడ్డట్టే చేసింది.

ఎయిర్‌పోర్టులో పెర్సిస్ అతని ఎదురుగా నిలబడింది. "నాన్నకి మన సంగతి చెప్పాను. ఒప్పుకున్నారు."

"ఉద్యోగం లేనివాడి మీద జాలిపడ్డారన్నమాట. మగాడిలా వచ్చి అడుగుదామనుకున్నాను. నువ్వు అడుక్కోవలసి వచ్చింది."

"చెప్పకపోతే చచ్చిపోయేవాడివి!"

"తెలుసు. అందుకే తిట్టలేకపోతున్నాను. నీ మొహం చూడనూ లేకపోతున్నాను."

ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. "నువ్వంటే నాకు ప్రాణం, కిరణ్."

ఆ మాట ఆమె నోట మొదటిసారి విన్నాడు. ట్రాలీ ఆపాడు.

"ఎప్పుడైనా మళ్ళీ నేను అలా ఒట్టేయించుకుంటే?"

ఒక్క అబద్ధం చెబితే చాలు, అతను తనవాడైపోతాడు. పెర్సిస్ కళ్ళు తుడుచుకుంది.

"మళ్ళీ చెప్పేస్తాను."

అతను తలూపి, ట్రాలీ తోసుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.