షిఫ్ట్ నొక్కని వేలు

“కాపీ పోయింది,” అన్నాడు ఫోన్లో చీఫ్.

లైను గరగరలాడుతోంది. “ఒలికిందా సార్? తుడిపించండి,” అన్నాడు ఏజెంట్ బల్లి.

“కాఫీ కాదయ్యా, కాపీ. జాబితా కాపీ. గుమస్తా కూడా పోయాడు. హోటల్ గదిలో, కూర్చున్న కుర్చీలోనే.”

బల్లి నవ్వు గోడ దిగింది. జాబితాలు మోసే గుమస్తాయే అతనికి పని నేర్పిన పెద్దాయన.

బ్రీఫింగ్ రెండు నిమిషాలు. డిపార్ట్‌మెంట్‌లో డెస్కుల మీద విండోస్, టూర్లకు లినక్స్ ల్యాప్‌టాప్. “కిటికీలున్న కొంప ఆఫీసుకి, కిటికీల్లేని కొట్టు ప్రయాణానికి” అనేవాడు గుమస్తా. ఇప్పుడా కొట్టులో పరాయి దేశంలో పనిచేస్తున్న మన తొమ్మిదిమంది గూఢచారుల పేర్లున్నాయి.

“అందులో ఒకడు నీ బావమరిది,” అన్నాడు చీఫ్. “పంపడం మొదలెట్టాక మధ్యలో ఆగితే ఫైలు తనంతట తానే చెరిగిపోతుంది. మన చేతిలో ఉన్న ముక్క అదొక్కటే. ల్యాప్‌టాప్ అదే హోటల్లో, పై అంతస్తులో ఉంది. నువ్వు ముందు పో. మనవాళ్లు వెనకే వస్తారు.”

ఏసీ మెకానిక్ వేషంలో బల్లి తలుపు తోశాడు. ముందు తుపాకి కనబడింది, తర్వాత మనిషి.

“రా బల్లీ. గోడ దొరకలేదా?”

దుబాసీ. రెండేళ్లుగా అతని ఎదురు డెస్కులో కూర్చుని అనువాదాలు చేసే అందగత్తె. రెండు భాషల మనిషనుకున్నారంతా. రెండు పక్షాల మనిషి.

“పెద్దాయన్ని నువ్వేనా?”

“పాస్‌వర్డ్ కొడుతుంటే వెనక నిలబడి చూశాను. ఆ తర్వాత ఆయనతో పనేముంది?”

బల్లి చేతులు పైపుకు కట్టేసింది. ల్యాప్‌టాప్ నల్ల తెర మీద, ఫైలు ఎంత వెళ్లిందో చెప్పే అంకెలు పాకుతున్నాయి. డెబ్బై శాతం. డెబ్బై ఎనిమిది.

“ఒక బేరం,” అన్నాడు బల్లి. “మా బావమరిది పేరొక్కటి మర్చిపో. నీకో మాట చెబుతా.”

“ముందు చెప్పు.”

“పైనున్న నాలుగు వరుసలూ తాళం కోడ్. పంపడం అవగానే మాయమవుతుంది. అది లేకపోతే నీవాళ్లకి చేరేది చెత్త.”

తొంభై. చేత్తో రాసే వ్యవధి లేదు. ఆమె మౌస్‌తో నాలుగు వరుసలూ ఎంచుకుంది. రెండేళ్లుగా అతను రోజూ చూసిన వేళ్లే. చిటికెన వేలు కంట్రోల్ మీద, చూపుడువేలు సి మీద.

తొంభై ఏడు దగ్గర అంకె ఆగిపోయింది. తెర ఖాళీ. కర్సర్ ఒక్కటే కన్ను కొడుతోంది.

తుపాకి అతని నుదుటికి తిరిగింది. అదే క్షణాన తలుపు విరిగి పడింది. గుండు బల్లి చెవి పక్కనుంచి గోడలో దిగింది.

సాయంత్రం చీఫ్ గదిలో అందరిదీ ఒకటే ప్రశ్న. సంకెళ్లతో ఉన్న దుబాసీదీ అదే. “నేనేం తప్పు నొక్కాను?”

“డెస్కు మీద కంట్రోల్-సి అంటే కాపీ,” అన్నాడు బల్లి. “ఆ నల్ల తెరలో అదే కంట్రోల్-సి అంటే నడుస్తున్న పని ఆపెయ్యమని. అక్కడ కాపీ కావాలంటే షిఫ్ట్ కూడా నొక్కాలి. నువ్వెప్పుడూ టూర్ వెళ్లలేదుగా.”

“నీకెలా తెలుసు?” అన్నాడు చీఫ్.

“నేను రెండు ఫైళ్లు అలాగే చంపాను సార్. రెండుసార్లూ గుమస్తాగారు నా పేరు చెప్పకుండా మీ తిట్లు తిన్నారు.”

చీఫ్ ఫోనెత్తాడు.

“కాఫీ,” అన్నాడు, ‘ఫ’ని ఒత్తి మరీ. “అయిదు.”

గుమస్తా కూర్చునే ఖాళీ కుర్చీ వైపు చూసి, “కాదు,” అన్నాడు. “నాలుగు.”