పిడికెడు సామలు

పందొమ్మిది వందల ఇరవయ్యారులో, సామలు నూర్చే రోజుల్లో, హుకుంపేట అవతలి కొండమీద పదమూడు గడపల ఊళ్ళో అమ్మవారు పోసింది. ఊరి చివరి గుడిసెలో ముసలాళ్ళిద్దరికీ, సుక్రుకీ అతని పెళ్ళాం సోములమ్మకీ, ఒళ్ళంతా పొక్కులు లేచాయి. వాళ్ళకి పిల్లల్లేరు. పక్క గుడిసె గంగది. మొగుడు పోయాక ఆరేళ్ళ కూతురు నీలవేణే దాని లోకం.

గంగ మొండిది లెండి. అందరూ తలుపులు బిగించుకుంటే, "ఆళ్ళకి అంబలి నేను పోత్తాను" అంది.

ఊరి పూజలు చేసే దిసారికి చిన్నప్పుడే అమ్మవారు పోసి తగ్గింది, మొహం నిండా మచ్చలు. ఆయన గట్టిగానే చెప్పాడు. "ఆకు డొప్పలోనే ఎట్టు. ఆళ్ళ గుమ్మంకాడ బండమీద ఎట్టి, కర్రతో మూడు దెబ్బలు కొట్టి ఎనక్కొచ్చెయ్. ఆ ఇంటినుంచి ఏటీ నీ ఇంటికి రాకూడదు. ఆడగుంటుంది నీకు, గుర్తెట్టుకో."

నాలుగు రోజులు గంగ అలాగే చేసింది. ఐదోనాడు తలుపు సందులోంచి సోములమ్మ గొంతు, పీలగా. "డొప్ప కారిపోతంది గుంటా... మీ తాతకి గుక్కెడు మిగల్లేదు."

మర్నాడు గంగ, ఎండు ఆనపకాయ తొలిచి చేసిన ఆనపబుర్ర నిండా అంబలి పోసి పెట్టింది. బుర్ర వాళ్ళ దగ్గరే ఉండిపోతుందిలే అనుకుంది.

తెల్లారేసరికి బుర్ర బండమీదే ఉంది. శుభ్రంగా కడిగి. అడుగున పిడికెడు సామలు.

ఆ కొండల్లో ఎవరి గిన్నెనీ ఖాళీగా తిప్పి పంపరు. అంత జ్వరంలోనూ సోములమ్మ మర్యాద మరిచిపోలేదు. పారబోస్తే పెద్దదాన్ని అవమానించినట్టే. గంగ ఒక్క క్షణం ఆగింది, బుర్ర చంకనెట్టుకుని ఇంటికొచ్చింది. ఆ సామలే నీలవేణికి వండిపెట్టింది. అయ్యో, అక్కడే ఆగాల్సింది!

ఆ తర్వాత రోజూ అంతే. సాయంత్రం మూడు దెబ్బలు, పొద్దున్న పొగమంచులో కడిగిన బుర్ర, పిడికెడు సామలు. లోపలి దగ్గు వినపడ్డం మానేసింది. నిద్దరోతున్నారనుకుంది గంగ. పసుపు వాసన పోయి ఇంకేదో వాసన మొదలైంది. దాన్నీ పట్టించుకోలేదు. బుర్ర ఖాళీ అవుతోంది కదా, బతికే ఉన్నారని దాని సంబరం.

బుర్ర ఇంటికొచ్చిన పన్నెండోనాడు నీలవేణి ఒళ్ళు కాలిపోయింది. దిసారి వచ్చి చూశాడు. ముసలాళ్ళ గుడిసెలోకి వెళ్ళి, ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని బయటికొచ్చాడు.

"అంబలి ఎవుళ్ళకి పోత్తన్నావు?" గుసగుసగా అడిగాడు.

"అవ్వకీ తాతకీ."

"ఆళ్ళు పోయి వారం దాటింది గంగా."

"మరి బుర్ర ఎవులు కడిగారు? ఆ సామలు..."

"ఇంట్లో గింజ లేదు. నీళ్ళకుండ ఎండిపోయుంది."

గంగ బుర్రని బండకేసి కొట్టింది. ముక్కలన్నీ పొయ్యిలో వేసి, బూడిదయ్యేదాకా చూసింది.

ఏం లాభం? నీలవేణికి పొక్కులు లేచాయి. ఎవరూ రాకుండా అడ్డం వేసే ముళ్ళకంప ఇప్పుడు గంగ గుమ్మం ముందు. ఇవతలి ఇంటి పైడితల్లి రోజూ వాకిట్లో రాతిమీద డొప్ప పెట్టి, మూడు దెబ్బలు కొట్టి పరుగెత్తేది. "అమ్మా, దాహం..." అని బిడ్డ మూలుగుతుంటే గంగ గుక్కగుక్కగా నీళ్ళు పోసేది. దీన్ని మాత్రం ఇవ్వను, ఇవ్వను అని గొణుక్కునేది.

పొక్కులు లేచిన తొమ్మిదో పొద్దు. మంచు గుమ్మందాకా వచ్చింది. మూలుగు కాస్త తగ్గింది. పిల్లకి నిద్ర పట్టిందనుకుని గంగ కూడా కన్ను మూసింది.

టక్. టక్. టక్.

పైడితల్లి ఇంత పెందరాళే రాదు. గంగ బయటికొచ్చింది. ఎవరూ లేరు... అడుగుల సడి లేదు... రాతిమీద డొప్పా లేదు.

ఆనపబుర్ర ఉంది.

కడిగి ఉంది. అంచునుంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి.

గంగ లోపల చెయ్యి పెట్టింది. సామలు. అరచేతిలోకి వంపుకుంది. అవ్వ పిడికెడు ఎంతో గంగకి తెలుసు, అరచెయ్యి నిండి పొర్లిపోయేది. ఇవి అరచేతి గుంటలోనే ఒదిగిపోయాయి. చిన్న పిడికిలి... మరీ చిన్నది.

వెనక, తన గుడిసెలో మూలుగు వినపడ్డం లేదు.

గంగ లోపలికి వెళ్ళలేదు.