నూనె వాసనకు వచ్చింది

గురువారం మధ్యాహ్నం. మా కొండ ఊరు నారిన్‌లో సన్నగా మంచు పడుతోంది. భోజనానికి ఇంటికొచ్చేసరికి నా భార్య బర్చినయ్ పిండి ముక్కలు నూనెలో వేయించడానికి బాణలి పెట్టింది. మా ఇళ్లలో ప్రతి గురువారం ఇంతే. కాగిన నూనె వాసనకు చనిపోయినవాళ్లు వచ్చి కడుపు నింపుకుని పోతారు. ఆ వాసన మా అమ్మ కోసం.

ఆ పొద్దునే నేను పోలీసుగా పనిచేసే ఠాణాకు ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ఇంటర్నెట్ నేరాలను పోలీసులే దర్యాప్తు చేయవచ్చు, ఏ ఖాతా ఎవరిదో అడిగి రాబట్టవచ్చు. అందరూ సంబరపడ్డారు, నేను తప్ప.

రెండేళ్ల క్రితం బెగాయిమ్ అనే దర్జీ అమ్మాయి నా దగ్గరికొచ్చింది. ఎవరో ఆమె ముఖాన్ని బూతు బొమ్మలకు అతికించి, కంప్యూటర్ తెరను ఫోటో తీసి ఊరంతా పంపారు. ఒక ఫోటో అంచున గోడకు వేలాడదీసిన తివాచీ కనబడింది. అది మా ఇంట్లోనే ఉండే తమ్ముడు మెదెర్ గదిలోది. వాడు పెళ్లికి అడిగితే ఆమె కాదంది.

"ఫోన్లలో జరిగేవాటి మీద మాకు అధికారం లేదమ్మా. చట్టం రానీ, చూద్దాం," అని చేతులు దులుపుకున్నాను.

"సరే అన్నా. వచ్చాకే వస్తాను," అంది.

మర్నాడు నదిలో శవమై తేలింది. పరువు తీసిందని వాళ్ల నాన్న ఆమె పేరున ఒక్క గురువారం కూడా నూనె కాచలేదు. నేను పిరికివాణ్ణి. ఆమె ఫిర్యాదు కాగితాన్ని ఇన్నాళ్లూ దాచి, ఉత్తర్వు వచ్చిన ఆ గురువారం కాల్చేయడానికే ఇంటికి తెచ్చాను.

పొయ్యిలో వేశాను. భగ్గున మండింది.

నూనె చిటపటలు ఆగిపోయాయి. ఏటి బురద వాసన... నా మెడ వెనక తడి ఊపిరి.

"చట్టం వచ్చిందటగా... అన్నా?"

బర్చినయ్‌కి ఏమీ వినబడలేదు. మెదెర్ గది తలుపు కింద నుంచి మాత్రం నీళ్లు వస్తున్నాయి. పిలిచాను. పలకలేదు. లోపలి గడియ విరగ్గొట్టాను.

కిటికీ మూసే ఉంది. మెదెర్ లేడు. నేలంతా ఇసుక. మంచం మీద ఆ కాగితమే... కాలకుండా, తడిగా. నిందితుడి పేరు ఆమె అప్పట్లో ఖాళీగా వదిలింది. ఇప్పుడక్కడ ఆమె చేతిరాతతోనే మెదెర్ అని ఉంది. దాని కింద కొత్తగా ఇంకో వరుస: తెలిసీ దాచినవాడు. దాని పక్కన ఖాళీ.

ఏరు గడ్డకట్టి ఉంది. మెదెర్ ఇంకా దొరకలేదు.

ఈరోజు మళ్లీ గురువారం. బర్చినయ్‌ని పుట్టింటికి పంపేశాను. పొయ్యి వెలిగించలేదు, బాణలి బయట పారేశాను.

ఇల్లంతా నూనె కాగుతున్న వాసన...