అతిథి చేతిలో పడవ

దుబాసీ షకూరీని టెహ్రాన్‌లో మంగళవారం పొద్దున పదింటికి చంపారు. పళ్లరసం కొట్టు ముందు నిలబడి దానిమ్మరసం తాగుతున్నాడు. సగం గ్లాసు తాగాడు, మిగతా సగం మురిక్కాలవలో ఒలికింది. అరవై ఏళ్ల మనిషి. చైనా భాషా, ఫార్సీ రెండూ నీళ్లు తాగినట్టు మాట్లాడేవాడు. గురువారం జాస్క్ రేవులో జరిగే సంతకాలకు వెళ్లవలసినవాడు.

బుధవారం ఉదయానికల్లా ఏజెంట్ మన్సూర్‌కి కబురొచ్చింది.

బందర్ అబ్బాస్‌లో ఎండుచేపల గోదాము వెనక గది. టేబుల్ అవతల హాజీ నుస్రత్, ఇరవై రెండేళ్లుగా మన్సూర్‌కి పై ఆఫీసర్.

"తలుపు మూసి కూర్చో. టీ తాగుతావా?"

"వద్దు హాజీ ఆగా."

"తాగు."

"మీకెందుకు శ్రమ."

"తాగవయ్యా బాబూ, ప్రాణం తీయకు!"

మూడోసారికి తాగాడు. పద్ధతి అది.

"విను. పాతికేళ్ల ఒప్పందం. మన చమురు వాళ్లకి, వాళ్ల క్రేన్లూ రైలు పట్టాలూ మనకి. ఆంక్షలు పెట్టి లోకమంతా మన మొహాన తలుపేసినప్పుడు తీసి ఉంచింది చైనావాళ్లే. అందులో జాస్క్ రేవు వాటాకి రేపు పదకొండున్నరకి సంతకం. వాళ్ల తరఫున వచ్చేది మిస్టర్ గావ్. ఆయన ప్రాణంతో వెనక్కి వెళ్లాలి."

"చంపేదెవరు?"

"కత్తెర."

అది సముద్రానికి అవతలి ఒడ్డున ఆఫీసు పెట్టుకుని పరాయి జీతం తినే ముఠా కోడ్ నేమ్.

"వాళ్ల వైర్‌లెస్‌లో ఒక్క వాక్యం పట్టుకున్నాం. 'బాంబు అతిథి చేతుల్లోనే హాల్లోకి వెళ్తుంది.' అంతే."

"గావ్ చేతిలో ఏముంటుంది?"

"ఏమీ ఉండదు. బ్యాగు ఉండదు. పెన్ను మనదే. వేణ్ణీళ్ల థర్మాస్ కూడా గేటు దగ్గరే పెట్టించేస్తాం."

"కొత్త దుబాసీ ఎవరు?"

"మహ్తాబ్ కియానీ. మన మనిషే. కోడ్ నేమ్ తార."

"నమ్మొచ్చా?"

"శనివారం నుంచి సోమవారం దాకా నమ్మొచ్చు."

"రేపు గురువారం హాజీ ఆగా."

"అందుకేగా నిన్ను పంపేది."

వేషం టీ నౌకరు. పేరు మష్ మన్సూర్, పెద్ద వయసు నౌకర్లని అక్కడ అలాగే పిలుస్తారు. చెవిలో రిసీవర్, కాలర్ కింద మైకు. టీ ట్రే అడుగున పేలుడు పదార్థం వాసన పసిగట్టే గాడ్జెట్. దాని అసలు సెల్ మూడేళ్లుగా ఏదో దేశపు రేవులో ఆంక్షల కాగితం కింద పడి ఉంది. మనవాళ్లు టార్చిలైటు సెల్ వేశారు.

మన్సూర్‌కి ఒకటి అడగాలనిపించింది. అడగలేదు. మూడు వారాల కింద సెక్యూరిటీ చెకింగ్ కోసం అతని చేతికి వచ్చిన ఒప్పందపు అనుబంధం, అందులో మూడో పేజీ. రేవు విస్తరణకు ఖాళీ చేయించే ఊళ్ల జాబితా. రెండో పేరు గజ్‌కూ. అతను పుట్టిన ఊరు. వాళ్ల నాన్న ఉస్తా దర్వీష్ ఇప్పటికీ పడవలు కట్టే ఊరు.

ముసలాయన ఫోన్ చేసి అడిగాడు కూడా. "ఎవరో వచ్చి ఒడ్డంతా కొలుస్తున్నారు, ఏంట్రా నాన్నా?"

"రోడ్డు వేస్తారు బాబా. నువ్వేం కంగారుపడకు."

అబద్ధం. ఉద్యోగానికి అలవాటుపడిన నాలుక, తండ్రి అని కూడా చూడకుండా ఆడేసింది. ఆ రోజు నుంచి అతను ఇంటికి ఫోన్ చేయలేదు.

*

గురువారం. జాస్క్ రేవు ఆఫీసు రెండో అంతస్తు. కిటికీల నిండా సముద్రం. చొక్కాలు ఒంటికి అంటుకుపోయే ఉక్క.

గావ్ పొట్టి మనిషి, మంచి నవ్వు. చేతులు ఖాళీ. పక్కన మహ్తాబ్. ఆకుపచ్చ స్కార్ఫ్ సగం జుట్టు దాకా జారిపోయి ఉంది, సర్దుకునే తొందరేం లేదు. ఆమె నడిచిన దారిలో గుమాస్తాలు ఫైళ్లు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నారు.

రేవు డైరెక్టర్ ఫరామర్జీ గదిలో బీరువా మీద ఒక కొయ్య పడవ బొమ్మ ఉంది. మూరెడు పొడవు, తెరచాపతో సహా. మహ్తాబ్ గావ్ చెవిలో ఏదో చెప్పింది. గావ్ అటు తిరిగి కళ్లు పెద్దవి చేశాడు.

"ఎంత అందంగా ఉందో అంటున్నారు," అంది మహ్తాబ్.

"పేష్కష్!" డైరెక్టర్ గుండె మీద చేయి వేసుకున్నాడు. "మీదే అనుకోండి. మీకంటే ఎక్కువా!"

ఆ మాట ఎవరైనా అంటారు. చేతి గడియారం బాగుందన్నా, తివాసీ బాగుందన్నా, ఇల్లే బాగుందన్నా, మీదే తీసుకోండి అంటారు. అవతలివాడు అయ్యో మీ దగ్గరుంటేనే దానికి శోభ అంటాడు. మూడుసార్లు అటూ ఇటూ అనుకున్నాక ఇద్దరూ టీ తాగుతారు. ఇన్ని వందల ఏళ్లలో ఎవడి తివాసీ ఎక్కడికీ పోలేదు.

గావ్ థాంక్స్ చెప్పి పడవ తీసుకున్నాడు.

డైరెక్టర్ నవ్వు మొహం మీదే గడ్డకట్టింది. కానీ నోరు మాత్రం, "మీ ఇంట శుభంగా ఉండాలి," అనేసింది.

మన్సూర్ ఆ పడవనే చూస్తున్నాడు. అది వాళ్ల నాన్న చేసింది. డైరెక్టర్ అడిగాడంటే నాలుగు నెలల కింద మన్సూరే ఒంటి చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో సిగరెట్ కాలుస్తూ ఇక్కడికి తెచ్చాడు. లోపలంతా బోలు. గావ్ దాన్ని రెండు చేతులా, బరువుకి మోకాళ్లు వంగేలా దించుకున్నాడు.

ట్రే మోగలేదు. టార్చిలైటు సెల్!

హాలు గుమ్మం దగ్గర గార్డు పడవను స్కానర్‌లో పెట్టబోయాడు. డైరెక్టర్ మండిపడ్డాడు. "అతిథికి మనం ఇచ్చిన కానుకని మనమే సోదా చేస్తామా? పరువు తీస్తావా?" గార్డు సిగ్గుతో తప్పుకున్నాడు. కత్తెర ముఠా లెక్క అక్షరాలా ఇదే. మనవాళ్లు ఎదుటివాడు పొగిడినదాన్ని తీసుకోమంటారు, ఇచ్చినదాన్ని సోదా చేయరు.

మన్సూర్ కాలర్‌లోకి గొణిగాడు. "హాజీ ఆగా, సరుకు బొమ్మ పడవలో ఉంది."

"ఆపు! అతిథి ముందు రచ్చ కాకుండా ఆపు!"

అప్పుడే హాల్లోంచి మహ్తాబ్ బయటికొచ్చింది, ఫైలు మర్చిపోయానంటూ. అతని దారికి అడ్డంగా నిలబడింది.

"ఆ టీ లోపలికెందుకు మష్ మన్సూర్? తాగేవాళ్లు ఉండరు."

"జరగండి ఖానుమ్."

"మూడో పేజీ చదివావా?"

అతను ట్రేని పక్కకి తిప్పి దాటబోయాడు.

"చదివావు. చదివి ఊరుకున్నావు. ఇంకో నాలుగు నిమిషాలు అలాగే ఊరుకో, పదకొండున్నరకి ఆ కాగితం బూడిద. మీ ఊరి ఒడ్డు మిగుల్తుంది. నీకేం కొత్త పని చెప్పడంలేదుగా?"

"లోపల తొమ్మిదిమంది ఉన్నారు."

"వాళ్లలో నీ ఊరివాడు ఒక్కడున్నాడా?"

మన్సూర్ నిలబడ్డాడు. తర్వాత రిపోర్టులో 'వెంటనే లోపలికి వెళ్లాను' అని రాశాడు. వెంటనే వెళ్లలేదు. గ్లాసుల మీద ఆవిరి పూర్తిగా పోయేదాకా నిలబడ్డాడు. ఆ తొమ్మిదిమందినీ తూకం వేశాడు, వేస్తున్నానని తెలిసే వేశాడు. ఆ తర్వాతే ట్రేని ఆమె చేతుల్లో కుక్కి లోపలికి దూకాడు.

"ఆగా, ఆ పడవ మాది! మా నాన్న చేశాడు. ఇవ్వను!"

గావ్‌కి ఏమీ అర్థం కాలేదు, చెప్పడానికి పక్కన దుబాసీ లేదు. పడవను ఇంకా గట్టిగా గుండెకు హత్తుకున్నాడు.

"ఓరి పరువుతక్కువ వెధవా!" డైరెక్టర్ గొంతు కీచుమంది. "అతిథి చేతిలోంచి లాక్కుంటావా!"

లాక్కున్నాడు. పంతొమ్మిది దేశాల్లో దొంగ పేర్లతో తిరిగినవాడు, కాల్పుల్లో చెమట పట్టనివాడు, ఆ క్షణంలో చెవుల దాకా ఎర్రబడ్డాడు. భుజంతో బాల్కనీ తలుపు బద్దలుకొట్టి పడవను సముద్రంలోకి విసిరాడు.

గోడ గడియారం ముల్లు పదకొండున్నర మీద పడింది. నీళ్లు రెండంతస్తుల ఎత్తు లేచాయి. అద్దాలు రాలాయి. బల్ల మీద ఒప్పందం కాగితాలు ఒక్కసారి ఎగిరి మళ్లీ అక్కడే పడ్డాయి.

మహ్తాబ్ ట్రేతో లోపలికి వచ్చి, ఏమీ ఎరగనట్టు గావ్ పక్కన నిలబడింది.

ముందు తేరుకున్నది డైరెక్టర్. "క్షమించాలి! ఇక్కడి జాలర్ల పని. డైనమైట్ వేసి చేపలు పడతారు. పద్ధతి లేని జనం." మన్సూర్ వైపు తిరిగాడు. "ఏం మష్ మన్సూర్, నువ్వూ గజ్‌కూ వాడివేగా? మీవాళ్ల పనేగా ఇది?"

చెవిలో హాజీ నుస్రత్ గొంతు. "ఒప్పుకో. బాంబన్న మాట వస్తే వాళ్లు విమానం ఎక్కేస్తారు. ఒప్పుకో."

గజ్‌కూలో ఎవరూ ఏనాడూ సముద్రంలో డైనమైట్ వేయలేదు. ఉస్తా దర్వీష్ అయితే గుడ్లతో ఉన్న చేపను చూస్తే వలలోంచి తీసి వదిలేస్తాడు.

"అవును ఆగా," అన్నాడు మన్సూర్. "మావాళ్ల పనే."

మహ్తాబ్ ఆ మాటను చైనా భాషలోకి మార్చింది, అక్షరం పొల్లుపోకుండా. గావ్ మూర్ఖుడేం కాదు. పడవ బరువు ఆయన చేతులకు తెలుసు. కానీ ఆయనకూ వెనకాల ఒక ఆఫీసుంది. తలూపాడు.

"అలాంటివాళ్లని ఆ ఒడ్డు నుంచి తొందరగా పంపేస్తే అందరికీ క్షేమం అంటున్నారు," అంది మహ్తాబ్.

పదకొండు నలభై ఒకటికి సంతకాలయ్యాయి.

"ఆమెని పట్టుకోవద్దా?" అడిగాడు మన్సూర్ మైకులో.

"సంతకం ఎక్కడ పెట్టాలో ఆయనకి చెప్పేవాళ్లుండాలిగా? అయ్యాక చూద్దాం."

అయ్యాక ఆమె ఒక నల్ల కారెక్కి వెళ్లిపోయింది. ఆ కారు ఎవరిదో హాజీ నుస్రత్‌కే తెలియదు. మధ్యాహ్నానికల్లా మన్సూర్ మీద మెమో వచ్చింది, 'విదేశీ అతిథి పట్ల అమర్యాద' అని.

*

ఎండ వాలకముందే మన్సూర్ గజ్‌కూ చేరాడు. ఉస్తా దర్వీష్ ఈతచాపల నీడలో కూర్చుని, చేపనూనెలో ముంచిన దూదిని పలకల సందుల్లో కూరుతున్నాడు. కొడుకుని చూసి తల ఎత్తాడే గానీ చెయ్యి ఆపలేదు.

మన్సూర్ నిలబడే అంతా చెప్పేశాడు. మూడో పేజీ, రోడ్డు అబద్ధం, గుమ్మంలో నిలబడిన ఆ కాసేపు, చివరికి ఆ 'అవును'.

"నా పడవ ఏం చేశావు?"

"సముద్రంలో పడేశాను బాబా."

"పడవ ఉండేదక్కడేలే." ఇంకో పోగు దూది తీసుకున్నాడు. "డైనమైట్ మనం ఎప్పుడు వేశాంరా?"

"ఎప్పుడూ లేదు."

"మరి?"

"అతిథి ముందు కాదనలేకపోయాను."

ముసలాయన చెయ్యి ఆగింది. మన్సూర్ కళ్లు ఇసుకలోకి దించుకున్నాడు.

"ఎన్నాళ్లుంటాడంట ఆ అతిథి?"

"పాతికేళ్లు."

"పాతికేళ్లుండేవాణ్ణి అతిథి అనర్రా, ఇల్లరికపుటల్లుడు అంటారు," అన్నాడు ఉస్తా దర్వీష్. "మరి పెళ్లికి మమ్మల్ని పిలవలేదేం?"