సొంత నడక

“అవ్వా, నడిస్తే దమ్మొస్తదా?”

మెదక్ దవాఖానలో ఫిజియోథెరపీ చూసే సృజన మామూలుగానే అడిగింది. జ్వరంపడి లేచిన యాదవ్వకు అది సవాలులా వినిపించింది.

“నా దమ్మునే అడుగుతున్నవా బిడ్డా? కుల్చారంల నా లెక్క నాట్లేసేటోళ్లు ఎవలున్నరు?”

వరండాకు ఆ కొసన ఒక కుర్చీ, ఈ కొసన ఒక కుర్చీ. వాటి మధ్య ఆరు నిమిషాలు ఎవరి నడక వాళ్లు నడవాలి. పరుగెత్తించి అలసగొట్టకుండానే పెద్దవాళ్ల గుండె, ఊపిరి ఎంత ఓర్చుకుంటాయో చెప్పే పరీక్ష అది. యాదవ్వ మాత్రం వానకు కల్లంలో వడ్లు ఎత్తబోయినట్టు ఉరికింది. రెండో మలుపులోనే కూలబడింది.

మనవడు పరశురాం నీళ్లు తెచ్చాడు. “మేడం, ముసల్దాన్ని పట్టుకొని దమ్ముందా అంటరా?”

“నేనడిగింది ఆయాసమొస్తదా అని.”

“గట్లయితె ఆయాసమనుండ్రి. మా ఇంట్ల దమ్మంటె పంచాయితే.”

సృజనకు నవ్వొచ్చింది. అతనూ నవ్వాడు. రేగోడ్ నుంచి వచ్చి ఇక్కడ గది కిరాయికి తీసుకున్నాక, నవ్వుకు నవ్వు తోడు దొరకడం ఇదే మొదలు. సాయంత్రం గది తాళం తీస్తే, ఆ చప్పుడే ఆమెను పలకరించేది.

అవ్వ తేరుకున్నాక పరీక్ష మళ్లీ మొదలైంది. పరశురాం వెంట నడవబోయాడు.

“మీరు పక్కకుంటె మీ నడకే ఆమెకొస్తది. ఇటొచ్చి నిలబడుండ్రి.”

వచ్చి సృజన పక్కన నిలబడ్డాడు. బయట వాన. ఇద్దరి చూపూ అవ్వ మీదే, అప్పుడప్పుడూ తప్ప. ఒక మనిషి పక్కన ఊరికే నిలబడటం ఇంత బాగుంటుందని సృజన మరిచిపోయింది. ఆరు నిమిషాలకు పెట్టిన అలారం మోగకపోతే బాగుండును.

మోగింది. యాదవ్వ నడక బాగుంది, నాడి నిమ్మళంగా ఉంది.

మళ్లీ నెలకు రమ్మంటే వస్తారు. ఎందుకని అడిగేవాళ్లు లేరు. నాలుక దాకా వచ్చిన ఆ మాటను సృజన మింగేసింది.

“పొలానికి పోవచ్చవ్వా. ఇగ ఇటు రానక్కర్లేదు.”

చెప్పులేసుకుంటూ యాదవ్వ ఆమె మొహంలోకి చూసింది. “ఒక్కదానివే ఉంటవా బిడ్డా?”

“ఆఁ.”

“ఎవలతోని మాట్లాడుతవు మరి?”

సృజన కుర్చీ సర్దింది.

యాదవ్వ మనవణ్ణి మోచేత్తో పొడిచింది. “రానక్కర్లేదన్నది నన్ను. నిన్ను గాదు.”

పరశురాం చెవులు ఎర్రబడ్డాయి. “మేడం, ఆదివారం మా చేన్ల మక్కకంకులు కాలుస్తం. అవ్వ రమ్మంటున్నది.”

“నేనెప్పుడన్న?” అంది యాదవ్వ.

అతను సృజన వైపు తిరిగాడు.

“నేనే అంటున్న. రాండ్రి.”

“మీ ఊరి బస్సు ఏడ ఎక్కాలె?” అంది సృజన.