బ్రేకు మీద నూనె చుక్క

పొయ్యి మీంచి పాలు దించుతుండగా వరండాలోంచి కూతురి కేక వినబడి జ్ఞానసుందరి గిన్నె అక్కడే వదిలి పరుగెత్తింది.

"అమ్మా! మళ్ళీ నూనే! ఇటొచ్చి సూడు!"

షాలిని తన గేర్ల సైకిలు ముందు గొంతుక్కూర్చుని ఉంది. కొండదారుల్లో తొక్కే లావు టైర్ల సైకిలు అది. చక్రం నడిమధ్య ఉన్న గుండ్రటి ఇనుప డిస్కును గుడ్డతో తుడిచి చూపించింది. గుడ్డ జిడ్డుగా మెరిసింది. మీట నొక్కగానే బ్రేకు ప్యాడ్లు పట్టుకోవలసింది ఆ డిస్కునే. దాని మీద నూనె పడితే ఇంక ఏ బ్రేకూ నిలవదు.

"నిన్న సాయంత్రమే స్పిరిట్‌తో కడిగాను. కొత్త ప్యాడ్లేసాను. తెల్లారేసరికి నూనె దానంతటది పుడతాదేటి?"

వరండా ఆ చివర కుట్టుమిషను దగ్గర ఎజ్రా తలెత్తలేదు. పొద్దున్నే మిషను చక్రం ముట్టుకుని ప్రార్థన చేసుకోనిదే కత్తెర పట్టని మనిషి. కళ్ళు మూసుకుని సూదిలో దారం ఎక్కించగలడు. ఆ పూట మాత్రం దారం ఎన్నిసార్లు తడి చేసినా బెజ్జంలోకి దూరలేదు. జ్ఞానసుందరి అది చూసింది.

షాలిని గజపతినగరంలోనే ఓ ప్రైవేటు బడిలో ఆటల టీచరు. మర్నాడు ఆదివారం, విజయనగరం అవతలి కొండ మీద జిల్లా జట్టుకు ఎంపిక పోటీ. ఆరాధన రోజున పోటీ ఏమిటని ఎజ్రాకి కోపం. "ఆదివారం మందిరం మానేసి సైకిలెక్కే పిల్లకి నా నోట ప్రార్థన రాదు" అని మందిరం పాస్టరు థామస్ అయ్యగారి ఎదటే అనేశాడు. ఎజ్రా మాట్లాడడమే తక్కువ. మాట్లాడాడంటే వెనక్కి తీసుకోడు.

అప్పట్నుంచే సైకిలుకి పూటకో రోగం. ఓ రోజు గేరు మారినప్పుడల్లా గొలుసు పళ్ళ మీద ఎగిరింది. షాలిని గేరు తీగ బిగించే మర కొద్దిగా తిప్పి సరిచేసింది. ఇంకోరోజు టైరు చదునైపోయింది. ట్యూబుకి సూదంత సన్నని చిల్లు. టైరులోపల తుమ్మముల్లు దొరికేదాకా జ్ఞానసుందరి మొగుడి సూదుల డబ్బా వైపే చూసింది. మంగళవారం మాత్రం బ్రేకు పట్టక షాలిని కొండవాలులో రాళ్ళ మీద పడి మోచెయ్యి చీరుకుంది. లేచి చూస్తే డిస్కు మీద నూనె.

షాలిని లేచి మిషను దగ్గరికి వెళ్ళింది.

"నాన్నా, నువ్వేనా?"

"ఏటి?"

"నూనె."

"నాకేటి పని నీ బండితోటి?"

"అయితే నాకేసి సూసి సెప్పు."

ఎజ్రా చూడలేదు. జ్ఞానసుందరికి ఒళ్ళు మండిపోయింది.

"ఏవయ్యా, కన్నపిల్ల కాలో సెయ్యో ఇరిగి మంచానపడితే నీ ఆరాధన బాగా జరుగుతాదేటి?"

"నోర్మూసుకోవే."

"నువ్వు మూసుకున్నావు కదా, సాలదా? ఇంట్లో ఇద్దరం మూగోళ్ళమైపోతే ఎలగ?"

ఎజ్రా కుట్టిన జాకెట్లు సంచీలో కుక్కుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

"అమ్మా, నానొకటి సెప్తన్నాను," అంది షాలిని. "ఇప్పుడు మళ్ళీ కడుగుతాను. రేపు పొద్దున గానీ నూనె కనబడిందంటే, సైకిలుతో పాటు నానూ ఎల్లిపోతాను. విజయనగరంలో నా నేస్తం షీబా గదుంది. ఇంక ఈ గుమ్మం తొక్కను."

ఆ పగలంతా జ్ఞానసుందరి ఇల్లు వెదికింది. గుడ్డ వాసన చూస్తే కొబ్బరినూనె. మిషను నూనె డబ్బా మూత మీద దుమ్ము కూడా చెదరలేదు. వంటింట్లో తలనూనె సీసాకి సీలు ఊడలేదు. మరి ఈ నూనె ఎక్కడిది? ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి లోపల ఏముందో తనకు తెలియలేదా? ఆ అనుమానమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఆదివారం కోడి కూసేవేళకి పక్క మీద మనిషి లేడు. జ్ఞానసుందరి అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళి తలుపు చాటున నిలబడింది. ఎజ్రా సైకిలు ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. జేబులోంచి చిన్న సీసా తీశాడు. క్రిస్మస్ నాడు అయ్యగారు ప్రార్థన చేసి ఇచ్చిన నూనె సీసా! వేలు తడిపి మెరిసే డిస్కు మీద రాశాడు. నుదురు టైరుకి ఆన్చాడు.

"ప్రభువా, ఈ పిల్ల నా మాట ఇనదు. బండిని ఆపేది ఇదేనంట. దీన్ని నువ్వే పట్టుకో."

అరవబోయిన జ్ఞానసుందరి తలుపు పట్టుకుని ఆగిపోయింది. వెనక ఊపిరి చప్పుడైతే తిరిగి చూసింది. స్పిరిట్ సీసా చేత్తో పట్టుకుని షాలిని.

ఎజ్రా దొంగలా లేచాడు. సీసా దాచుకోబోయి ఆగిపోయాడు.

"అయ్యగారి ముందర అలగ అనేసినానా... మరి నలుగురికీ తెలిసేలా ప్రార్థన ఎలగ సేస్తాను? మిషను సక్రానికి రాసినట్టే రాసినాను. నువ్వు పడినకాణ్ణించీ ఇంకో రెండు సుక్కలు ఎక్కువే ఏస్తన్నాను."

షాలినికి నవ్వు వచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది.

"అది నూనె తగలకూడని సోటు నాన్నా. తగిల్తే బ్రేకు జారిపోతాది."

ఎజ్రా ఆమె మోచేతి మీద చెక్కు కట్టిన గాయం వైపు చూశాడు.

"అయితే నిన్ను పడేసింది నానేనా?"

"ప్రార్థన మంచిదే నాన్నా. సోటే తప్పింది."

ఎజ్రా భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మనసులో ఆయన్ని హంతకుణ్ణి చేసేసిన జ్ఞానసుందరి, ఆ తువ్వాలు కొసతోనే తన కళ్ళూ తుడుచుకుంది.

షాలిని చక్రం ఊడదీసింది. డిస్కు కడిగి, ప్యాడ్లు గరుకు కాగితం మీద రుద్ది బిగించింది. వీధిలో ఒక చుట్టు తొక్కి మీట నొక్కితే సైకిలు గుంజకి కట్టేసినట్టు ఆగింది. తిరిగొచ్చి, తండ్రి పక్కన పెట్టేసిన నూనె సీసా తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఈ గొలుసుకి మాత్రం నూనె కావాల్సిందే. ఇక్కడ రాయి."

షాలిని పెడలు వెనక్కి తిప్పుతుంటే, ఎజ్రా గొలుసు ముక్క ముక్కకీ చుక్క వేసుకుంటూ వచ్చాడు. సీసా ఖాళీ అయింది.

"ఎనిమిదింటికి ఆరాధన," అన్నాడు లేస్తూ. "ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి నిలబడతాను. నీ పేరు సెప్తాను."

"నువ్వా? అందరి ముందరా?" జ్ఞానసుందరి నమ్మలేకపోయింది. "నోట మాట రాదు కదా, ఏటని సెప్తావయ్యా?"

ఎజ్రా నూనె వేళ్ళు జాగ్రత్తగా డిస్కుకి దూరంగా పెట్టుకున్నాడు.

"బ్రేకు పట్టాలని సెప్తాను."