తిత్తి తిరగేసిన రాత్రి

వీధి చివరి తోళ్ళ షెడ్డు మంచిది కాదు... ఎవరినడిగినా ఇదే మాట. పగలు కంపు, రాత్రి దెయ్యం. కంపుకి ముక్కు మూసుకుంటే సరిపోతుంది. దెయ్యానికి ఏం మూసుకోవాలో తెలియక, పొద్దుగూకాక అటు వెళ్ళాల్సినవాళ్ళు కళ్ళు మూసుకుని పరిగెత్తేవారు. పరిగెత్తే కాళ్ళకి ఉన్నవి మాత్రం ఆ షెడ్డులో తయారైన చెప్పులే.

లోపల రాత్రంతా చప్పుడు... టప్... టప్... టప్.

ఒక పెద్దమనిషి ధైర్యం చేసి కిటికీ సందులోంచి చూశాడు. దూలానికి ఏదో వేలాడుతోందట. తల లేదట. పొట్ట ఉబ్బి, ఒంటినిండా చెమటలు కారుతున్నాయట. ఆ చూసిన ఘనతకి జ్వరం తెచ్చుకుని మంచమెక్కాడు.

అది తిత్తి. వెంట్రుకలు గీకేసిన గేదె తోలుని సంచీలా కుట్టి, దూలానికి వేలాడదీసి, అందులో తుమ్మచెక్క, అంటే తుమ్మ బెరడు, వేసి, ఆ చెక్క కషాయం నింపుతారు. కషాయం తోలులోంచి ఊరుతూ, కింద తొట్టిలో బొట్లుబొట్లుగా పడుతుంది. పడినదాన్ని మళ్ళీ పైన పొయ్యాలి, పగలూ రాత్రీ. కొన్నాళ్ళకి తిత్తిని తలకిందులు చేసి, మళ్ళీ అదే పని. అప్పుడే తోలు పండుతుంది, చెప్పు అడుగు ఏళ్ళ తరబడి ఆగుతుంది. తోలు తీస్తానని బెదిరించేవాళ్ళు ఊరినిండా ఉన్నారు గానీ, తీసిన తోలుని ఏం చెయ్యాలో తెలిసింది ఆ ఒక్క ఇంటికే.

ఇంత తెలిసిన ఆ ఇంటివాళ్ళు కూడా దెయ్యం లేదని గట్టిగా అనలేకపోయారు. షెడ్డు పెద్దాయన ఆ తిత్తి కిందే, చేతిలో చెంబుతో, ఉన్నపాటున కూలి ప్రాణం వదిలాడు. తోలు అప్పటికి సగమే పండింది.

ఆయనది ఎడమచేతి వాటం. ఆయన వేసిన ముడి విప్పాలంటే ఆయనైనా రావాలి, కత్తైనా రావాలి.

ఏడ్చినన్నాళ్ళు ఏడ్చి, పెద్దాయన భార్య అల్లుణ్ణి పిలిచింది. వీధిలో అతని పేరు పులి. ఒకసారి చీకట్లో పులిని తరిమేశానని చెప్పుకున్నాడు. తెల్లారేసరికి పక్కింటివాళ్ళు తప్పిపోయిన దూడని వెతుక్కుంటూ వచ్చారు. దూడ దొరికింది, పేరు మిగిలింది.

"ఇది మీ మామ కుట్టిన ఆఖరి తిత్తి అల్లుడూ. ఇది పండితే షెడ్డు నీది. పాడైతే తాళం వేసి ప్లాస్టిక్ చెప్పుల గోడౌనుకి ఇచ్చేస్తా. పగలు మేం చూసుకుంటాం. రాత్రి పని నీది."

"రాత్రా!" పులి నవ్వాడు. "నాకు రాత్రయినా పగలే అత్తా."

భార్య నవ్వలేదు. తండ్రి వాడిన ఇత్తడి చెంబు అతని చేతిలో పెట్టి, "ఎండిపోనివ్వకు బావా. నాన్న చేతి పని అదొక్కటే మిగిలింది నాకు," అంది.

మొదటి రాత్రి పులి లాంతరు పట్టుకుని బయల్దేరాడు. మాటలు కోటలు దాటి చాలాసేపైంది. కాలు మాత్రం షెడ్డు గడప దగ్గర ఆగింది.

టప్... టప్... టప్...

చప్పుడు నెమ్మదించింది. టప్...... టప్......... ఆగిపోయింది.

చప్పుడు ఆగిందంటే తిత్తి ఖాళీ అయిందని, వెంటనే పొయ్యాలని పులికి తెలుసు. కాళ్ళకి ఆ సంగతి తెలియదు. అవి అక్కడే నిలబడిపోయాయి. అంతలో... చీకట్లో... ఎవరో నిట్టూర్చారు.

లాంతరు ఆరిందో, ఆర్పాడో అతనే చెప్పలేడు. వీధి మొదట్లో మంగలి షాపు అరుగు మీద, ఒక వీధికుక్క పక్కన, తెల్లారేదాకా ముడుచుకుని కూర్చున్నాడు. కుక్క కూడా మొదట కొంచెం బిడియపడి, తర్వాత సర్దుకుంది.

పొద్దున్నే అత్త షెడ్డులోంచి వస్తూ, "తొణికేలా పోశావు అల్లుడూ!" అంది.

పులి చెంబు కడిగి బోర్లించాడు. అబద్ధం ఆడాల్సిన కష్టం కూడా లేకుండా పోయింది. మర్నాటి నుంచి షెడ్డుదాకా వెళ్ళే శ్రమ కూడా తీసుకోకుండా తిన్నగా కుక్క దగ్గరికే వెళ్ళేవాడు. తెల్లారేసరికి తిత్తి నిండే ఉండేది. ఎవరు పోస్తున్నారని అడిగితే తను పొయ్యలేదని ఒప్పుకున్నట్టే. భార్య ఎదురుగా వచ్చి చెంబు అందించినప్పుడల్లా మాత్రం నిజంగానే సిగ్గేసేది. సిగ్గు పెద్దదే గానీ, భయం దానికంటే బలిసి ఉంది.

ఇంతలో భార్యకి జ్వరం తగిలింది. అత్త కూతురి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఈ రాత్రి తిత్తి తిరగెయ్యాలి. కషాయం దింపి, మూతి బిగించి కట్టి, తలకిందులుగా వేలాడదీసి, మళ్ళీ నింపాలి. ఇద్దరి పని. ఎవరినైనా సాయం పట్టుకెళ్ళు."

"సాయమా? నాకా?" అన్నాడు పులి. అని, కుక్క దగ్గరికి వెళ్ళాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తోలు పాడవుతుందనీ, షెడ్డు పోతుందనీ, ఆమె తన మొహం చూడదనీ కుమిలాడు. తెల్లారుతూనే కాళ్ళమీద పడి ఒప్పేసుకుందామని ఇంటికొచ్చాడు. షెడ్డు చూసొచ్చిన అత్త గుమ్మంలోనే ఎదురైంది.

"ఒంటిచేత్తో తిరగేశావా! మీ మామకి కూడా మనిషి సాయం కావలసొచ్చేది!"

ఒప్పుకోవడానికి తెరిచిన నోరు అలాగే మూసుకుంది.

చివరికి తిత్తి దించే రోజు వచ్చింది. అత్త మూతి ముడి విప్పబోయి, రాక, కత్తితో కోసింది. తోలు అంచు చీల్చి చూస్తే ఇటు చివర నుంచి అటు చివరికి ఒకే గోధుమరంగు. మధ్యలో పచ్చితోలు తెల్లచార ఎక్కడా లేదు. నూనె పట్టించి, నీడన ఆరబెట్టి, నున్నటి రాయితో మెరిసేదాకా రుద్దారు. మొదటి జత పులికే కుట్టి, షెడ్డు తాళంచెవి కూడా చేతిలో పెట్టింది అత్త. వీధివాళ్ళు వచ్చి మరీ పొగిడి, ముక్కు మూసుకుని వెళ్ళారు.

ఆ రాత్రి గదిలో భార్య కొత్త చెప్పులు పక్కన పెడుతూ మెల్లగా అంది.

"కుక్క బాగుందా బావా?"

పులి తాళంచెవి మీద గుప్పెట బిగించాడు.

"మొదటి రాత్రి నీ వెనకే వచ్చాను. షెడ్డు గోడ పక్కన నిలబడి నీ ధైర్యం చూసి నిట్టూర్చింది నేనే. అప్పట్నించీ రోజూ నేనే పోశాను."

దెయ్యం లేదు! పులి గుండెల మీంచి తిత్తంత బరువు దిగింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "మరి అత్తకెందుకు చెప్పలేదే?"

"చెప్దామనే అనుకున్నా. నీ మీద మనసు విరిగిపోయింది." ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "కానీ నాకు జ్వరమొచ్చిన రాత్రి... నేను లేవలేనని, అమ్మ నన్నొదిలి కదల్లేదని తెలిసి... అంత భయస్తుడివి ఒక్కడివే వెళ్ళి తిత్తి తిరగేశావు చూడు. అప్పుడే అంతా మర్చిపోయాను."

పులి ఆమె కళ్ళలోకి చూశాడు. ఇన్నాళ్ళకి ఆ కళ్ళలో తనంటే గౌరవం కనబడింది. నిజం గొంతుదాకా వచ్చి, అక్కడ్నించి వెనక్కి తిరిగింది.

"అదెంతలే..." అన్నాడు.

"అదెంతా? నాన్నలాగే ఎడమచేతి ముడి కూడా వేశావు! ఎన్నిసార్లు చూసినా నాకే పట్టుబడలేదు అది." ఆమె దీపం తగ్గించింది. "రేపు కొత్త తిత్తి వేలాడదీస్తోందిగా అమ్మ. రాత్రికి నువ్వొక్కడివే వెళ్తావని గొప్పగా చెప్పాను... ఇంతకీ ఆ ముడి నాన్న నీకెప్పుడు నేర్పాడు బావా?"

పులి చేతిలో తాళంచెవి చల్లగా తగిలింది.

"ఇంకా... నేర్పలేదు," అన్నాడు.